రెండు పట్టాలు

మన భాషలో పట్టా అనే మాటకు రెండు అర్థాలున్నాయి. భూమి మీద హక్కును తెలిపే కాగితం పట్టా. విశ్వవిద్యాలయం ఇచ్చే కాగితం కూడా పట్టాయే. తాతల కాలం నుంచి మొదటి పట్టా ఉన్న ఇంటికి రెండో పట్టా పెద్ద శ్రమ లేకుండా వస్తుంది. మొదటిది లేని ఇంటికి రెండోది వస్తే అప్పును వెంటబెట్టుకుని వస్తుంది. ఈ రెండు పట్టాల సంబంధాన్ని పరిశీలించకుండా, దళిత యువకుడు అప్పు చేసి పై చదువు చదవడం లాభమా, నష్టమా అని వాదించుకోవడం వ్యర్థం.

2022 వేసవిలో ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఒక ఊరి ఆది ఆంధ్రవాడ అతనిది. తల్లీ తండ్రీ ఇద్దరూ వ్యవసాయ కూలీలు. తిరుపతిలో సాంఘిక సంక్షేమ వసతిగృహంలో ఉండి బి.కాం. మొదటి తరగతిలో ప్యాసయ్యాడు. విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ. సీటు కొద్దిలో తప్పిపోయింది. ఒక ప్రైవేటు కళాశాలలో దొరికింది. ఫీజూ, బసా, భోజనమూ కలిపి రెండేళ్లకు మూడు లక్షలవుతుందని లెక్క వేసుకుని వచ్చాడు. "అప్పు జేసి సదవమంటారా సార్, వద్దంటారా?" అని సూటిగా అడిగాడు. నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను. చదువు ఎన్నడూ నష్టం కాదు, ఆలోచించుకో, అన్నాను. అది జవాబు కాదు. ఉపాధ్యాయులు తప్పించుకోవడానికి వాడే మాట. ఆనాడు చెప్పలేకపోయిన జవాబును చరిత్రలో వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటువంటి ప్రశ్నను కొందరు మేధావులు కేవలం ఆదాయ వ్యయాల లెక్కగా మారుస్తారు. పై చదువు వల్ల జీతం ఎంత పెరుగుతుంది, చదువుకు ఎంత ఖర్చవుతుంది, వడ్డీ ఎంత, ఇన్నేళ్లలో అప్పు తీరుతుందా తీరదా, అని. లెక్క తప్పు కాదు. కాని ఆ లెక్కలో ఒక ఊహ దాగి ఉన్నది. చదువుకునేవాళ్లందరూ ఒకే చోటి నుంచి బయలుదేరుతున్నారనీ, ఒకే పట్టాకు అందరూ చెల్లించే వెల ఒకటేననీ ఆ ఊహ. అది నిజం కాదని చెప్పడానికి మన ప్రాంతపు చరిత్రే చాలు.

కట్టమంచి రామలింగారెడ్డి గారు మన చిత్తూరువారు. 1880లో జన్మించారు. మద్రాసులో చదువు ముగించుకుని, ప్రభుత్వ ఉపకారవేతనం మీద కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడి యూనియన్‌కు వైస్ ప్రెసిడెంటుగా ఎన్నికయ్యారు. తిరిగివచ్చి బరోడా కళాశాలలో పనిచేశారు. అటుపిమ్మట మైసూరు సంస్థానంలో విద్యాశాఖ బాధ్యతలు వహించారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు దాని మొదటి వైస్ ఛాన్సలరు అయ్యారు. ఆయన ప్రతిభను శంకించేవారెవరూ లేరు. కాని ఆయన ఏ ఊరు వెళ్లినా ఉండడానికి ఇల్లు దొరికిందనే సంగతి ఆయన జీవితచరిత్రలో ఎవరూ రాయరు. రాయవలసిన విశేషంగా అది ఎవరికీ తోచదు.

అదే బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనం మీద 1913లో భీమరావ్ అంబేద్కర్ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్లపాటు. అందుకు ప్రతిగా పదేళ్లు బరోడా కొలువు చేస్తానని ఆయన ఒడంబడిక రాసి ఇచ్చారు. 1917లో, లండనులో చదువు సగంలో ఉండగానే, గడువు ముగిసి తిరిగిరావలసి వచ్చింది. బాకీ తీర్చడానికి బరోడా వెళ్లారు. ఆ ఊళ్లో ఆయనకు అద్దెకు గది ఇచ్చేవారు లేకపోయారు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకున్నారు. సంగతి బయటపడగానే కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి వెళ్లగొట్టారు. కొలంబియాలో చదివి వచ్చిన పండితుడు కొద్ది రోజులకే బరోడా విడిచిపెట్టాడు. కొలువే చేయనివ్వని ఊళ్లో కొలువు చేసి బాకీ తీర్చడం ఎలా సాధ్యం? తరవాత ఆయన బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యత్వం చేసి కూడబెట్టినదానికి కొల్హాపూరు మహారాజు సహాయమూ, నావల్ భతేనా అనే మిత్రుడు ఇచ్చిన అయిదు వేల రూపాయల అప్పూ తోడు చేసుకుని 1920లో మళ్లీ లండను వెళ్లారు.

ఒకే సంస్థానం, ఇంచుమించు ఒకే దశాబ్దం, ఇద్దరు ప్రతిభావంతులు, ఇద్దరివీ విదేశపు పట్టాలే. ఒకరి పట్టా బజారులో పూర్తి విలువకు చెల్లింది. మరొకరిది సత్రం గుమ్మం దగ్గరే చెల్లకుండా పోయింది. పట్టాకు వెల ఉన్నట్టే, పట్టా మారకానికి కూడా ఒక రేటు ఉన్నది. ఆ రేటును విశ్వవిద్యాలయం నిర్ణయించదు, సమాజం నిర్ణయిస్తుంది. ఎక్కువ వెల పెట్టి కొని తక్కువ రేటుకు మార్చుకోవలసి వచ్చినవాడి అప్పు త్వరగా తీరదు. ఈనాటి దళిత పట్టభద్రుడి సమస్య సారాంశం ఇదే.

అంబేద్కర్ ఈ అనుభవం నుంచి పై చదువు వద్దనే నిర్ణయానికి రాలేదు. సరిగ్గా దానికి వ్యతిరేకమైన నిర్ణయానికి వచ్చారు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడైన తరవాత, షెడ్యూల్డు కులాల ఇబ్బందులను గురించి ప్రభుత్వానికి ఒక వినతిపత్రం సమర్పించారు. అందులో ఆయన వాదన గమనించదగినది. చిన్న గుమాస్తా ఉద్యోగాలు ఎన్ని దొరికినా ఈ కులాల స్థితి మారదు. చట్టాన్ని అమలు జరిపే కీలక స్థానాలలో తమ మనుషులు ఉన్నప్పుడే రక్షణ కలుగుతుంది. ఆ స్థానాలకు ఉన్నత విద్య కావాలి. ఉన్నత విద్యను, ముఖ్యంగా శాస్త్ర సాంకేతిక విద్యను, ఈ కులాలవారు సొంత డబ్బుతో కొనుక్కోలేరు. కనక దాన్ని రాజ్యం భరించాలి. ఈ వాదన ఫలితంగా 1944-45లో మెట్రిక్ తరవాతి చదువులకు షెడ్యూల్డు కులాల విద్యార్థులకు వేతనాలిచ్చే పథకం మొదలయింది. ఏటా మూడు లక్షల రూపాయలు కేటాయించారు.

మూడు లక్షలు! ఆనాడు దేశమంతటికీ కేటాయించిన మొత్తం అది. నా దగ్గరకు వచ్చిన యువకుడు తన ఒక్కడి చదువుకు వేసుకున్న లెక్క కూడా అంతే. రూపాయి విలువ పడిపోయిన మాట నిజమే, కనక ఈ పోలికను సాగదీయకూడదు. అయినా ఆ రెండు అంకెల మధ్య మారినది రూపాయి విలువ ఒక్కటే కాదు. అప్పు ఎవరిదనే విషయం కూడా మారింది.

ఇక్కడ ఒక మాటను గురించి ఆగి ఆలోచించాలి. స్కాలర్‌షిప్‌ను మనం ఉపకారవేతనం అన్నాం. ఉపకారం అంటే ఒకరు దయతలచి చేసేది. చేయకపోయినా అడగడానికి వీల్లేనిది. 1944 నాటి పథకం వెనకనున్న భావం అది కాదు. తరతరాలుగా కూలి సరిగా ఇవ్వకుండా, భూమి ఇవ్వకుండా, బడి గడప తొక్కనివ్వకుండా ఒక జాతి శ్రమను అనుభవించిన సమాజం ఆ జాతికి బాకీ పడి ఉన్నది. ఆ బాకీలో స్వల్ప భాగాన్ని చెల్లించడమే ఈ వేతనం. అంటే దళిత విద్యార్థి ఇక్కడ రుణగ్రస్తుడు కాదు, రుణదాత. డెబ్బై ఎనభై ఏళ్లలో జరిగిన చరిత్ర అంతా ఈ రుణదాతను రుణగ్రస్తుడిగా మార్చిన చరిత్ర.

మన ప్రాంతంలో ఆ చరిత్ర ఎలా నడిచిందో చూద్దాం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఉన్నత విద్యకు మద్రాసే దిక్కు. రాయలసీమ విద్యలో వెనకబడిపోయిందన్న ఆవేదన 1937 నవంబరులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో చోటు చేసుకుంది. అనంతపురంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం ఏర్పాటు చేయాలని అందులో రాసుకున్నారు. తిరుపతిలో దేవస్థానం 1945లో కళాశాల పెట్టింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం స్థాపితమయింది. 1960లో వైద్య కళాశాల, 1961లో వ్యవసాయ కళాశాల, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చాయి.

ఈ తేదీలలో ఒకదాని పక్కన ఇంకొక తేదీ పెట్టాలి. హరిజనుల దేవాలయ ప్రవేశానికి మద్రాసు రాష్ట్రంలో సమగ్రమైన చట్టం వచ్చినది 1947లో. కొండ మీది గుడిలోకి అడుగుపెట్టే హక్కు చట్టంలోకెక్కిన ఏడేళ్లకు కొండ కింద విశ్వవిద్యాలయపు తలుపు తెరుచుకున్నది. ఆ తలుపులోనుంచి మొదట ప్రవేశించిన దళిత విద్యార్థుల వెనక పొలాలు లేవు, బంధువుల పలుకుబడి లేదు. వసతిగృహమూ, ఉపకారవేతనమూ, ప్రభుత్వ విశ్వవిద్యాలయపు స్వల్ప రుసుమూ, ఈ మూడే వారి ఆస్తి.

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా వర్ణించనక్కరలేదు. వేతనం ఆలస్యంగా వచ్చేది. వసతిగృహంలో అర్ధాకలి. పుస్తకాలకు తోటివాళ్ల ముందు చేయి చాపవలసి వచ్చేది. అయినా ఒక తేడా ఉన్నది. చదువు ముగించి బయటికి వచ్చే విద్యార్థి చేతిలో పట్టా ఉండేది, నెత్తిన ప్రోనోటు ఉండేది కాదు. ఆకలి చదువుతోపాటే ముగిసేది. అప్పు చదువు ముగిసిన నాడు మొదలవుతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో 1985లో తెలిసింది. ఆ ఏడు జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద హత్యాకాండ జరిగింది. ఆ తరవాత పుట్టిన దళిత మహాసభ ఉద్యమానికి ముందు నిలిచినవారు ఎవరు? కత్తి పద్మారావు సంస్కృతం చెప్పే అధ్యాపకుడు. బొజ్జా తారకం న్యాయవాది, హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదులుకొని వచ్చినవాడు. వారి వెనక చిన్న ఉద్యోగులూ, ఉపాధ్యాయులూ, వసతిగృహాల విద్యార్థులూ కదిలారు. 1942లో అంబేద్కర్ ఊహించినది ఇదే. చదువుకున్నవాడు తన జాతికి కావలి కాస్తాడని. జీతాల లెక్కలో ఈ ఫలితం ఎక్కడా కనిపించదు. కాని ఉన్నత విద్య మీద సమాజం పెట్టిన డబ్బుకు వచ్చిన రాబడిలో ఇంతకన్న విలువైనది మరొకటి లేదు. ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. నెలనెలా వాయిదా కట్టవలసినవాడు పదవిని వదులుకోగలడా? యజమానికి ఎదురు చెప్పగలడా? సెలవు పెట్టి పక్క జిల్లాకు పోయి బాధితుల పక్షాన నిలబడగలడా?

అప్పు మనిషి జేబునే కాదు, గొంతును కూడా పట్టుకుంటుంది. మన పల్లెలకు ఈ సంగతి కొత్త కాదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు ఆసామి ఇంట్లో జీతానికుండే ఆచారాన్ని మన పెద్దలు ఎరుగుదురు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో పార్లమెంటు చట్టం చేసింది. పాత జీతగాడి స్థితీ, నేటి పట్టభద్రుడి స్థితీ ఒకటేనని నేను అనడం లేదు. నేటి యువకుడు ఉద్యోగం మారవచ్చు, ఊరు మారవచ్చు. కాని అప్పు ఇచ్చినవాడు అప్పు తీసుకున్నవాడి భవిష్యత్ శ్రమ మీద ముందే హక్కు సంపాదించుకోవడమనే సూత్రం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఈ మార్పు ఒక్కరోజున జరగలేదు. 1983లో మన రాష్ట్రం కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. పదేళ్లు తిరగకుండానే, 1992లో, ప్రైవేటు వైద్య, దంత వైద్య కళాశాలలకు అనుమతులిచ్చిన వ్యవహారాన్ని హైకోర్టు తప్పుపట్టగా ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి రాజీనామా చేయవలసి వచ్చింది. మన రాష్ట్రానికే చెందిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ప్రైవేటు కళాశాలల సీట్లను ఉచితమనీ, చెల్లింపు అనీ రెండుగా విభజించింది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసు తీర్పు ఆ ఏర్పాటును కూడా తొలగించి, రుసుము నిర్ణయించుకోవడంలో ప్రైవేటు యాజమాన్యాలకు చాలా స్వేచ్ఛనిచ్చింది. ఈలోగా, నూతన ఆర్థిక విధానం వచ్చిన రెండేళ్లకు, పున్నయ్య కమిటీ విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో కొంత భాగాన్ని తామే సంపాదించుకోవాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలోనే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పుట్టుకొచ్చాయి. సెల్ఫ్ ఫైనాన్స్ అనే మాట ఎంత వంచనతో కూడినదో చూడండి. కూలివాడి కొడుకుకు ఆ సెల్ఫ్ ఎక్కడిది, ఆ ఫైనాన్స్ ఎక్కడిది?

రుసుములు పెరిగిన తరవాత రుణాలు రావడం సహజం. 2001లో బ్యాంకుల సంఘం రూపొందించిన విద్యారుణ పథకాన్ని బ్యాంకులు అమలులో పెట్టాయి. నాలుగు లక్షల దాకా హామీ అక్కరలేదు. అది దాటి ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి హామీ ఉండాలన్న నియమం ఉండేది. అంతకు మించితే ఆస్తి తాకట్టు పెట్టాలి. కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని కౌంటరు దగ్గర వినిపించే మొదటి ప్రశ్న, నీకు హామీ ఎవరు, అన్నదే. నా దగ్గరకు వచ్చిన యువకుడిని ఒక బ్యాంకులో అదే అడిగారు. మూడు లక్షలకు హామీ అడగకూడదని పథకంలో ఉన్నదని అతనికి తెలియదు. తెలిసినా వాదించే ధైర్యం లేదు. "మా నాయనకు డి.కె.టి. పట్టా ఉంది సార్, పనికిరాదన్నారు" అన్నాడు.

ఇదీ మొదటి పట్టా కథ. దరఖాస్తు పట్టా కింద పేదలకిచ్చిన భూమిని అమ్ముకోవడానికి వీల్లేదని 1977 నాటి రాష్ట్ర చట్టం నిర్దేశించింది. పేదవాడి భూమి భూస్వామి చేతిలోకి పోకుండా కాపాడడం ఆ చట్టం ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు అమ్మకపు హక్కు ఇస్తూ 2023లో దాన్ని సవరించారు. కాని దశాబ్దాలపాటు ఫలితం ఏమయింది? ఆసామికి ఉన్న అయిదెకరాల పట్టా భూమి బ్యాంకు దృష్టిలో ఆస్తి. కూలివానికి ఉన్న ఎకరం డి.కె.టి. భూమి కేవలం మట్టి. పేదవానికి భూమి ఇచ్చిన రాజ్యమే, ఆ భూమికి అంగట్లో విలువ లేకుండా చేసి, విద్యను అంగట్లోకి తోసింది. రెండు విధానాలూ విడివిడిగా చూస్తే అర్థవంతంగా కనిపిస్తాయి. రెండూ కలిసి ఒక మనిషి నెత్తిన పడినప్పుడు అతను నూటికి రెండు రూపాయల వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతాడు.

ఆ వడ్డీ అంటే ఏమిటో లెక్క వేయాలి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు. మూడు లక్షలకు నెలకు ఆరు వేలు. రెండేళ్ల చదువు ముగిసేసరికి వడ్డీయే లక్షా నలభై నాలుగు వేలు. అంటే అసలులో ఇంచుమించు సగం. ఇంకా ఒక్క రూపాయి జీతం కంట చూడకముందే ఇది. అదే మూడు లక్షలకు, పొలం ఉన్నవాడి కొడుకుకు బ్యాంకు నూటికి ఏడాదికి పది చొప్పున ఇస్తే రెండేళ్ల వడ్డీ అరవై వేలు. పట్టా ఒకటే. దాని వెలలో ఎనభై నాలుగు వేల తేడా. ఆ తేడా తెలివిలోనుంచి వచ్చింది కాదు, కష్టపడడంలోనుంచి వచ్చింది కాదు. తాత పేరున భూమి ఉన్నదా లేదా అన్నదానిలోనుంచి వచ్చింది.

2008లో రాష్ట్ర ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును విస్తృతంగా అమలు చేయసాగింది. దానివల్ల లక్షలమంది పేద కుటుంబాల పిల్లలు ఇంజనీరింగు, పి.జి. తరగతులలో అడుగుపెట్టారు. ఈ మేలును కాదనడం న్యాయం కాదు. కాని ఆ డబ్బు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను బలపరచడానికి పోలేదు, ప్రైవేటు కళాశాలలను పోషించడానికి పోయింది. ప్రభుత్వం బాకీ చెల్లించడంలో జాప్యం చేసినప్పుడల్లా కళాశాల విద్యార్థిని పట్టుకున్నది. సొమ్ము వచ్చేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమన్నది. అప్పు ప్రభుత్వానిది, తాకట్టు విద్యార్థి కాగితాలు.

2020 డిసెంబరు 23న కేంద్ర మంత్రివర్గం షెడ్యూల్డు కులాల పోస్టుమెట్రిక్ వేతనాలకు అయిదేళ్లకు 59,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. సరిగ్గా రెండు రోజుల తరవాత, ప్రైవేటు కళాశాలల్లో పి.జి. చదివేవారికి ఫీజు చెల్లింపును నిలిపివేస్తూ మన రాష్ట్ర ప్రభుత్వం 77వ నంబరు జీవో జారీ చేసింది. దాని రద్దు కోసం విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి ఆందోళన చేశాయి. 2022లో ఒక వసతిగృహ విద్యార్థి నా ముందుకు వచ్చి అప్పు చేయనా అని అడగడానికి కారణం వెతికితే ఈ జీవో దగ్గరకు వస్తాం. అతని ప్రశ్న అతని ఇంట్లో పుట్టింది కాదు, సచివాలయంలో పుట్టింది.

వేతనం మంజూరయినవాడి స్థితి కూడా సుఖం కాదు. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేల రూపాయలు, తనకు రావలసి ఉన్నదని అతని చివరి ఉత్తరంలో ఉన్నది. ఆ మరణానికి కారణం డబ్బు ఒక్కటే అనడం తప్పు. వెలివేతా, అవమానమూ అందులో ప్రధానమైనవి. కాని తనకు బాకీ పడిన రాజ్యం చెల్లించకపోగా, మిత్రుల దగ్గర చేసిన అప్పును గురించి కూడా ఆలోచించవలసి వచ్చిన ఒక విద్యార్థిని ఆ ఉత్తరం మన ముందు నిలబెడుతుంది.

ఇది మన దేశానికే పరిమితమైన దుస్థితి కాదు. అమెరికాలో నల్లజాతి యువకులలో పై చదువు అప్పుకు తగునా అన్న చర్చ ఇంకా తీవ్రంగా సాగుతున్నది. 1865లో విముక్తులైన బానిసలకు భూమి పంచుతామన్న సైనికాజ్ఞ ఆ ఏడాదే రద్దయింది. మనకు ఉపకారవేతనాలు మొదలయిన 1944లోనే, అక్కడ యుద్ధంనుంచి తిరిగివచ్చే సైనికులకు చదువూ, రుణాలూ ఇచ్చే చట్టం వచ్చింది. చట్టంలో రంగుభేదం లేదు, అమలులో ఉన్నది. 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని 13 ఊళ్లలో ఆ చట్టం కింద ఇచ్చిన 3,229 రుణాలలో నల్లవారికి దక్కినవి రెండు. భూమీ ఇల్లూ లేని ఇంటినుంచి వచ్చినవాడు చదువు కోసం అప్పు చేశాడు. 2016లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం బి.ఏ. పూర్తయిన నాడు నల్లవారి అప్పు తెల్లవారి కంటె సుమారు 7,400 డాలర్లు ఎక్కువ. నాలుగేళ్లు గడిచేసరికి నల్లవారి అప్పు సగటున 53,000 డాలర్లు, తెల్లవారిది 28,000. నాలుగేళ్లలో అంత తేడా ఎందుకొచ్చింది? వడ్డీ పెరగడం ఒక కారణం. పై చదువులకు, అందులోనూ లాభాపేక్షతో నడిచే సంస్థలలోకి, మరింత అప్పు చేసి వెళ్లడం ఇంకొక కారణం. బి.ఏ.కు సరైన జీతం దొరకనివాడు ఎం.ఏ.తో పూడ్చుకోబోయి గోతిని లోతు చేసుకున్నాడన్నమాట. పట్టా మారకపు రేటు తక్కువైనవాడు ఇంకొక పట్టా కొనవలసి వస్తుంది. బరోడా సత్రంలో చూసిన న్యాయమే న్యూయార్కులోనూ కనిపిస్తున్నది.

ఇక ఎదుటి వాదాలు. చదువు వెల కట్టలేనిది, అప్పు చేసైనా చదవాలి, అంటారు కొందరు. ఈ మాట ఎక్కువగా అప్పు చేయకుండా చదివినవాళ్ల నోటినుంచి వస్తుంది. వెల కట్టలేనిది అన్నంత మాత్రాన కళాశాలవాడు వెల తీసుకోకుండా మానడు. పై చదువు అందరికీ ఎందుకు, ఏదైనా చేతిపని నేర్చుకుంటే బెంగుళూరులో బతకలేడా, అంటారు మరికొందరు. ఈ సలహా ఎవరి పిల్లలకు ఇస్తున్నారో చూడండి. తమ పిల్లలకు ఇవ్వరు. వాడ పిల్లలకు ఇస్తారు. కులధర్మాన్ని ఆర్థికశాస్త్ర భాషలో చెప్పడం తప్ప ఇందులో వేరే ఏమీ లేదు. మొదటి వాదం యువకుడిని వడ్డీ వ్యాపారికి అప్పగిస్తుంది, రెండోది ఆసామికి అప్పగిస్తుంది.

అయితే ఆ యువకుడికి ఏం చెప్పాలి? విధానాలు మారేదాకా ఆగమనడం క్రూరత్వం. వయసు ఆగదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, వేతనంతో, వసతిగృహంతో దొరికే పై చదువును ఎంత కష్టమైనా విడిచిపెట్టవద్దు. అందుకు ఒక ఏడాది ఆగి మళ్లీ ప్రవేశ పరీక్ష రాయవలసి వచ్చినా అది నష్టం కాదు. నిశ్చయమైన వృత్తికి దారితీసే చదువైతే, బ్యాంకు అప్పు దొరికితే, పథకం నియమాలు చేతబట్టుకుని పోరాడి తీసుకో, ఒంటరిగా కాదు, సంఘాన్ని వెంటబెట్టుకుని వెళ్లు. కాని పేరుకు పి.జి. అయి, డిగ్రీతోనే దొరికే ఉద్యోగాన్నే చివరికి చూపించే చదువుకు, తల్లి కమ్మలు కుదువబెట్టి, డ్వాక్రా అప్పు తెచ్చి, రెండు రూపాయల వడ్డీకి సంతకం చేయవద్దు. ఆ పట్టా నీకు స్థానం ఇవ్వదు, నీ గొంతు మాత్రం తీసుకుంటుంది.

ఉపాధ్యాయులమైన మనకు కూడా చెప్పవలసినది ఉన్నది. పరిశోధన చేసి అధ్యాపకుడు కావాలనుకునే దళిత విద్యార్థికి మనం చూపే దారి ఎక్కడికి పోతున్నది? రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో 3,220 ఖాళీల భర్తీకి 2023లో ప్రకటన వచ్చింది. వచ్చీ వ్యాజ్యాలలో చిక్కుకున్నది. ఖాళీలు నింపకుండా, రిజర్వేషను ఉన్నదని చెప్పడం పొయ్యి వెలిగించకుండా పంక్తిలో చోటు ఉన్నదని చెప్పడం వంటిది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో సీట్లు పెంచడం, ఖాళీలు నింపడం, వేతనాన్ని నెలనెలా చెల్లించడం, బాకీ కోసం సర్టిఫికెట్లు ఆపడాన్ని నేరం చేయడం, ఈ నాలుగూ అడగకుండా విద్యార్థులకు పొదుపు పాఠాలు చెప్పడం మనకు తగదు.

ఆ యువకుడు చివరికి అప్పు చేశాడు. నేను చెప్పని జవాబును వడ్డీ వ్యాపారి చెప్పాడు. 2024లో ఎం.బి.ఏ. పూర్తయింది. మిగిలిన ఫీజు కట్టేదాకా కళాశాల సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ఇప్పుడు శ్రీసిటీలో ఒక కర్మాగారంలో షిఫ్టు పని చేస్తున్నాడు. ఆ పనికి వాళ్లు అడిగినది డిగ్రీయే. బి.కాం. చదివే రోజుల్లో మా సంఘం సభలకు వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు, వక్తలను నిలదీసేవాడు. ఈమధ్య ఒక సభకు రమ్మని కబురు పెట్టాను. "ఆదివారం ఓవర్‌టైం ఉంది సార్, వాయిదా కట్టాల" అన్నాడు.

అతనికి జరిగిన నష్టాన్ని రూపాయలలో లెక్క కట్టవచ్చు. నాలుగయిదేళ్లలో అతను తీర్చుకుంటాడు కూడా. ఆ ముందు వరసలో ఖాళీ అయిన కుర్చీ నష్టం మనది. దాన్ని ఎన్ని వాయిదాలలో, ఎవరు తీరుస్తారు?